కుడివైపుకు ఒరిగిన సోమ్లీ

రచయిత్రి నీలవేణి నవలలో 'యాడి' అన్న మాటను వాలు అక్షరాల్లో అచ్చువేసిన రోజు నుంచి సోమ్లీ కుడివైపుకు ఒరిగి నిలబడుతోంది. వీధి చివర మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే సోమ్లీది లంబాడీ ఇల్లు. అమ్మను వాళ్లు 'యాడి' అనే పిలుస్తారు. సోమ్లీ కూతురు మంజుల నోట ఆ పిలుపు విని నీలవేణి ముచ్చటపడి రాసుకుంది. పుస్తకంలో పరాయి మాట వాలితే ఆ మాట మనుషులూ వాలతారని ఊళ్లో అందరికీ తెలిసిందే కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

సోమ్లీకి మాత్రం కుట్టు వంకరపోతోంది.

"అక్కా, జాకెట్లు వాపస్ వస్తున్నయ్. మీ బుక్కుల నన్ను జర సక్కగ నిలవెట్టుండ్రి," అంది.

నీలవేణి ప్రచురణ సంస్థకు వెళ్లింది. సంపాదకుడు పట్టాభి ఓపిగ్గా విన్నాడు.

"పరాయి మాట కదమ్మా, ఒరగాల్సిందే. రూలు."

"అదే పేజీలో కుక్కరూ సోఫా నిటారుగానే ఉన్నాయి గదండీ?"

"అవి మన ఇళ్లలోవే కదా," అన్నాడాయన.

వేరే దారులూ చెప్పాడు. పేజీ కింద అర్థం వేస్తే సోమ్లీ నిటారుగా నిలుస్తుంది, కాని ఆమె కాళ్ల దగ్గర ఒక మనిషి కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఆమెను వివరిస్తూ ఉండాలి. పుస్తకం చివర పదాల పట్టికలో వేస్తే ఆమె ఊరి చివరకు మారాలి. 'అమ్మ' అని మార్చేస్తే ఏ ఇబ్బందీ లేదు. నీలవేణి దానికి ఒప్పుకుంది.

కొత్త ముద్రణ వచ్చిన పొద్దున సోమ్లీ నిటారుగా లేచింది. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. మధ్యాహ్నం మంజుల వచ్చి, "యాడీ, ఆకలైతాంది," అంది. సోమ్లీ మిషను తొక్కుతూనే ఉంది. పిల్ల మళ్లీ పిలిచింది.

"ఏం సోమ్లమ్మా, సక్కగైనంక చెవులు వొయినయా? బిడ్డ పిలుస్తాంది," అన్నాడు పక్క కొట్టతను. అప్పుడు గాని ఆమె తల తిప్పలేదు.

సాయంత్రం సోమ్లీ వెళ్లి నీలవేణి గుమ్మంలో నిలబడి, "నా మాట నాకు వెట్టుండ్రి అక్కా. ఒరిగే ఉంట," అంది.

"మరి కుట్టు సంగతి?"

"గుడ్డనే ఒరగవెట్టి కుడత."

తర్వాతి ముద్రణలో 'యాడి' తిరిగి వచ్చాక అలాగే కుట్టింది. తన వాలుకు తగ్గట్టు గుడ్డను పరిచి, ఊళ్లో ఎవరికీ చేతకానంత తిన్నగా. నీలవేణి రాసుకోవడం మాని ఆ చేతుల్నే చూస్తూ కూర్చునేది.

ఆ జూన్‌లో మంజులను బడిలో చేర్చడానికి వెళితే, హెడ్‌మాస్టరు తల్లిని ఒకసారి చూసి మర్యాదగా కుర్చీ చూపించాడు. పిల్ల ఇంకా నిటారుగానే నడుస్తోంది. అయినా ఆయన వడ్రంగిని పిలిపించి, మంజుల కూర్చోబోయే బెంచీకి కుడివైపు కాళ్లు కాస్త కోయించాడు.