చెరగని సున్నా

ఆ ఉదయం మనవాడి ప్లాను చాలా చిన్నది. ఆఫీసు పాత కంప్యూటరులోని ఫైళ్ళన్నిటినీ కొత్తదానిలోకి చేర్చే స్క్రిప్టు నడిపించి, మధ్యాహ్నానికల్లా భార్యతో కలిసి సముద్రం చూడడానికి రైలెక్కాలి. పెళ్ళయినప్పటి నుంచీ వాయిదా పడుతున్న ప్రయాణం. ఈసారీ తప్పితే తానొక్కతే వెళ్ళిపోతానని ఆవిడ తేల్చి చెప్పేసింది.

ఇదివరకు ఆ స్క్రిప్టు ఇంకా ఎన్ని మిగిలాయో ఫైలుకో వరుస చొప్పున తెర నిండా గుమ్మరించేది. మేనేజరుకు కళ్ళు తిరిగేవి. అందుకని మనవాడు ముచ్చటపడి, ఒకే వరుసలో, కొత్త సంఖ్య పాతదాని మీదే పడేలా మార్చాడు. మిగిలినవి 1003, 1002, 1001... మేనేజరు కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు.

"భలే ఉందయ్యా!"

1000 వచ్చింది. ఆ వెంటనే 9990!

"ఇదేంటయ్యా! ఫైళ్ళు పిల్లల్ని పెడుతున్నాయా?"

మనవాడు తెర మీదికి వంగి చూశాడు. మరుక్షణం బుర్ర వెలిగింది. "అది 999 సార్! మూడంకెలే పడ్డాయి, పాత వెయ్యిలో చివరి సున్నా చెరగలేదు. ఇప్పుడే సరిచేస్తా."

"ముట్టుకోకు! సున్నా ఏం చేసిందయ్యా పాపం! ఇది వైరస్. అందరూ మీ కంప్యూటర్లు ఆపేయండి!"

ఆపేశారు. 9980, 9970, 9960...

"చూశావా, పదేసి తగ్గుతున్నాయి!" మేనేజరు తొడ చరిచాడు.

నిజంగా వంద మిగిలేసరికి తెర మీద 1000. ఆ వెంటనే 9900!

"తిరగబెట్టింది! లైట్లు కూడా ఆర్పండి, ఫ్యాన్లు ఆపండి!"

ఆర్పారు. వందేసి తగ్గసాగాయి. చెమటలు కక్కుతూ మనవాడు మళ్ళీ నోరు తెరిచాడు.

"సార్, నా రైలు..."

"ఇది సున్నా అయ్యేదాకా కదిలావంటే ఊరుకోను!"

అప్పుడే పెట్టె పట్టుకుని భార్య దిగింది. ఆ చీకట్లో ఆవిడ మొగుణ్ణి వెతుక్కునేలోగా తెర మీద 9000!

"అందరూ బయటికి పరుగెత్తండి!" అని మేనేజరు కేక పెట్టాడు.

ఆఫీసంతా వరండాలో పడింది. అద్దాల తలుపుకు ముక్కులు ఆనించి అంతా లోపలి తెరకేసి చూశారు. వెయ్యేసి తగ్గుతూ తగ్గుతూ, చివరికి 0000! చప్పట్లు మార్మోగాయి. మేనేజరు ఆనందం పట్టలేక మనవాణ్ణి వాటేసుకున్నాడు.

"బాగా హడలిపోయావు గానీ, వైరస్‌ను నేను వదులుతానా! వారం సెలవు తీసుకో, పో!"

మనవాడికి మనసొప్పలేదు. "సార్, అసలు సంగతేంటంటే..."

భార్య చెయ్యి పుచ్చుకుని లాగింది. "రైల్లో నాకు చెబుదురు గానీ, నడవండి!"

వారం తర్వాత స్క్రిప్టు దిద్దుదామని అతను తిరిగొచ్చేసరికి, ఫైళ్ళు కదిలేటప్పుడు లైట్లు ఆర్పవలెనని అన్ని శాఖలకూ సర్క్యులర్ వెళ్ళిపోయింది.