జటాధరం గారి గంజి జూలు

ఒక పెద్ద అడవిలో జటాధరం గారనే సింహం పదేళ్లుగా సభాధ్యక్షుడు. పేరు చూసి మోసపోకండి. ఆయన జూలు కొబ్బరిపీచు కన్నా సన్నం, పైగా మెడకి అతుక్కుపోయి ఉండేది.

పదేళ్లూ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడోసారి ఎన్నికలు దగ్గరపడ్డాక ఎత్తారు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న ఆ మేక ఎవరని సభలో వెనక వరస కోతులు అడిగాయట. వాగు ఎండిపోతోందని జింకలు మొత్తుకున్నా చలించని జటాధరం గారు ఆ పూట మాంసం ముట్టలేదు.

"ఈసారి ఓడిపోతానే," అన్నారు భార్య కనకాంబతో దిగులుగా.

"రోజూ దోసెడు ఆముదం పట్టించి దువ్వుకుంటే జుట్టు ఎలా లేస్తుందండీ? ముందు ఆ నూనె మానండి. మిగతాది నేను చూసుకుంటాను," అందావిడ.

నామినేషన్లకి ఆఖరి రోజు పొద్దున్నే కనకాంబ పనిలోకి దిగింది. కుంకుడుకాయ రసంతో రెండుసార్లు రుద్ది జిడ్డు వదిలించింది. జూలు నిలబడడానికి పల్చటి గంజి చాలని ఆవిడంటే, చిక్కగా పొయ్యమని పట్టుబట్టింది ఆయనే. తర్వాత బండ మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వేలాడేసి ఎండలో ఆరబెట్టింది. పాపిడి అటునుంచి ఇటు మార్చి, ముళ్లపంది ముల్లుతో కుదుళ్ల వైపుకి ఎదురు దువ్వింది. జూలు మూడింతలైంది. వాగులో నీడ చూసుకుని ఆయన కళ్లు చెమర్చాయి.

నామినేషన్ వెయ్యడానికి వెళ్తుంటే దారి పొడుగునా జంతువులు లేచి దండాలు పెట్టాయి. కొత్త సింహమేదో వచ్చిందనుకుని కుందేళ్లు పొదల్లో దూరాయి.

ఎన్నికల కార్యాలయంలో గుమాస్తా తాబేలు ఆయన గుర్తింపు కార్డు తీసుకుంది. ఫోటో చూసింది, మొహం చూసింది, మళ్లీ ఫోటో చూసింది. కలవడం లేదంది.

"నేనయ్యా, జటాధరాన్ని. పదేళ్లుగా నీ సెలవు చీటీల మీద సంతకం పెడుతున్నది నేనే."

"మీరు నాకు తెలుసు సార్. కాగితానికి తెలియదు."

ఫోటోతో మొహం కలవకపోతే పోటీకి అనర్హులన్న నిబంధన జటాధరం గారు పెట్టిందే. కిందటిసారి ఊసరవెల్లి గెలిచేలా కనిపిస్తే, దాన్ని తప్పించడానికి ఒక్క పూటలో చేయించారు. తాబేలు ఆ కాగితం తీసి, కింద ఆయన సంతకంతో సహా నింపాదిగా చదివి వినిపించింది.

మధ్యాహ్నానికి గడువు. ఆయన వాగుకి పరుగెత్తి తల ముంచారు. చిక్కటి గంజి ఎండకి బిగిసిపోయి నీళ్లకీ కరగక, జూలు నాయకుల ఖద్దరు చొక్కాలా నిలబడింది. ఒక పక్క అణిస్తే ఇంకో పక్క లేచింది. పదేళ్ల కుర్చీ జుట్టు మూలంగా పోతోందని ఆయనకి ఏడుపొచ్చింది.

తిరిగి వచ్చేసరికి కిటికీ ముందు నామినేషన్ కాగితంతో అడవిపంది నిలబడి ఉంది. బురదలోంచి లేచి తిన్నగా ఫోటోకి కూర్చున్న ఘనుడు. కార్డులో నల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు.

తాబేలు మరకని చూసింది, పందిని చూసింది.

"అచ్చం మీరేనండి," అని ముద్ర వేసి, గడువైపోయిందని కిటికీ మూసేసింది. బరిలో ఇంకెవరూ లేకపోవడంతో పంది ఏకగ్రీవంగా అధ్యక్షుడైంది.

నీతి: పదవి కావాలంటే జుట్టు లేవక్కర్లేదు, ఫోటోలో ఎవరో తెలియకుండా ఉంటే చాలు.