తేనెటీగల నాట్యంపై రెండు రోజుల సదస్సు

ఒక పెద్ద అడవిలో పండితులు మరీ ఎక్కువైపోయారు. చెట్టుకొకరు, పుట్టకొకరు తేలారు. ఇంతమందికీ ఏదో ఒక పని ఉండాలి కదా, అందుకని రెండు నెలలకోసారి సదస్సు జరిగేది. ‘వాగు ఒడ్డున అడుగుజాడలు: ఒక పునర్విచారం’ అని ఒకసారి, ‘రాలిన ఆకుల్లో రాలని భావాలు’ అని ఇంకోసారి. ఒకరు చదివేవారు, మిగిలినవారు భోజనం ఎప్పుడా అని చూసేవారు. సాయంత్రానికి అందరూ మోదుగాకు మీద గీసిన ధ్రువపత్రం పట్టుకుని గూళ్ళకు చేరేవారు. ఎవరికీ నష్టం లేదు కనుక ఎవరూ కాదనలేదు.

ఆ అడవి విద్యాపీఠానికి పెద్ద, ఆచార్య కంటకేశ్వరం అనే ఏదుపంది. ఒంటినిండా ముళ్ళు, నోటినిండా సిద్ధాంతాలు. అప్పటికి ఇరవై నాలుగు సదస్సులు నడిపి, ఇరవై నాలుగు సంచికలు అచ్చు వేయించినవారు.

ఆయన దగ్గర రేఖావతి అనే ఉడుత పరిశోధన చేసేది. ఎనిమిది వానాకాలాలుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. వేసవి రాగానే తీసేస్తారు, తొలకరికి మళ్ళీ పిలుస్తారు. ఉద్యోగం ఖాయం కావాలంటే సదస్సులో ఒక్క పత్రమైనా చదవాలి. ఇప్పటికి ఐదుసార్లు ఆమె పేరు చిట్టచివర వేశారు. ఐదుసార్లూ ఆమె వంతు వచ్చేసరికి సమయం లేదన్నారు.

ఇక ఎలుగుబంటి సంగతి. అడవిలో అందరూ ఆయన్ని దొరవారు అంటారు. ఎదురుగా అంటారనుకోండి. ఏటా నల్లమద్ది చెట్టెక్కి తేనెపట్టు దూయడం ఆయన ఆనవాయితీ. ఆ ఏడు కూడా దూశాడు. పదహారు ఆనపకాయ బుర్రల నిండా తేనె పట్టి గుహలో దాచుకున్నాడు. మిగిలింది తాగేసి, ఆ మత్తులో మూడు రోజులు ఒళ్ళెరగక పడుకున్నాడు.

లేచి చూస్తే ఈగలు లేవు. ఇక మీ పొరుగు మాకొద్దని గుంపుకు గుంపే లేచిపోయింది. పదహారు బుర్రలు ఉన్నాయి గదా అని ఇంకొకరైతే ఊరుకునేవారు. దొరవారికి మాత్రం ఉన్న తేనె కంటే లేని తేనె మీదే ధ్యాస. రెండు నెలలు అడవంతా గాలించాడు. కనిపించిన పిట్టనల్లా అడిగాడు. ఆయన పొట్ట సంగతి తెలిసిన పిట్టలు తెలియదనే చెప్పాయి.

అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పండితుల్ని అడిగితే చెప్పరు. వేదిక ఎక్కిస్తే మాత్రం అడక్కుండానే చెబుతారు, ఆపమన్నా ఆపరు.

నేరుగా విద్యాపీఠానికి వెళ్ళాడు.

“ఆచార్యులవారూ, తేనెటీగలు ఇల్లు మారేముందు ఏదో నాట్యం చేస్తాయటగా. దాని మీద ఒక సదస్సు పెట్టరాదూ?”

ఆనందంతో కంటకేశ్వరంగారి ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. “దొరవారికి కళల మీద ఇంత అభిమానం ఉందని నాకు తెలియదు సుమండీ.”

“అభిమానానికేం, చిన్నప్పటినుంచీ ఉంది. రెండు రోజుల భోజనాలూ నావే. ఇప్పపూలు, తేనె.”

తేనె అనే మాట బయటికి పొక్కగానే అడవిలో నలభై మందికి తేనెటీగల నాట్యం మీద ఆసక్తి పుట్టుకొచ్చింది.

వాళ్ళలో ఆ నాట్యాన్ని కళ్ళారా చూసినది ఉడుత ఒక్కతే. ఈగలు నల్లమద్ది వదిలాక మూడు రోజులు ఉడుత ఉండే కొమ్మకే గుత్తిగా వేలాడాయి. కొత్త చోటు వెతకడానికి వెళ్ళిన ఈగ ఒక్కొక్కటే తిరిగొచ్చి, మిగిలినవాటి వీపుల మీద కాస్త దూరం పొట్ట ఊపుతూ పరుగెత్తేది, చుట్టు తిరిగి వచ్చేది, మళ్ళీ పరుగెత్తేది. ఉడుత తిండి మానేసి చూసింది. పరుగు ఎటు వాలితే దారి అటు. ఎంతసేపు ఊపితే అంత దూరం. మూడో రోజు గుంపు లేవగానే, తాను లెక్కకట్టిన చోటికి తానే ముందు వెళ్ళి కూర్చుంది. కాసేపటికి ఈగలు అక్కడికే వచ్చి వాలాయి. ఆ రోజు ఉడుత సంతోషంతో ఏడ్చింది. పరిశోధనలో అలాంటి రోజు ఒకటి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ సంతోషంలోనే పత్ర సారాంశం రాసి పంపింది: ‘నాట్యాన్ని బట్టి తేనెటీగల కొత్త నివాసాన్ని దిక్కుతో, దూరంతో సహా నిరూపిస్తాను.’

సదస్సు మొదలైంది. మిణుగురులు పగలు వెలగవు కాబట్టి జ్యోతి ప్రజ్వలనను ఊహించుకోమన్నారు. అతిథులకు చేమాకులు కప్పారు. ఒక్కొక్కరూ లేచి, నాకు ఎక్కువ సమయం లేదంటూనే పూటంతా మాట్లాడారు. సభకు అధ్యక్షత గుడ్లగూబది. పగలు ఎలాగూ నిద్రపోతుంది కాబట్టి ఏ పత్రం మీదా పక్షపాతం చూపదని ప్రతి సదస్సులోనూ దాన్నే కూర్చోబెడతారు.

కొండముచ్చు ‘తేనెటీగ నాట్యంలో తోక లేని లోటు’ అనే పత్రం చదివింది. కొంగ ‘నాట్యానికి ముందున్న నిశ్చలత’ గురించి ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అదే తన పత్రమని చివర్లో చెప్పింది. నెమలి ‘తేనెటీగ నాట్యం, నా నాట్యం: తులనాత్మక పరిశీలన’ చదివింది. అందులో తేనెటీగ పేరులో మాత్రమే ఉంది.

ఎలుగుబంటి ముందు వరుసలో కూర్చుని ప్రతి మాటా విన్నాడు. ప్రతి పత్రం అయ్యాక చెయ్యి ఎత్తాడు.

“అయ్యా, ఇంతకీ అవి ఎటు పోయాయి?”

“ఏవి?” అంది నెమలి.

“తేనెటీగలు.”

“ఓ, అవా. అది నా పత్రం పరిధిలోకి రాదండీ.”

మొదటి రోజు భోజనాలకే తొమ్మిది బుర్రలు ఖాళీ అయ్యాయి. ఇంటి దగ్గర పిల్లలున్నారని కొందరు దొన్నెల్లో పోయించుకుని పోయారు. ఎలుగుబంటికి కడుపు రగిలిపోయింది. పోనీలే, రేపు ఉడుత పత్రం ఉందిగా అని సర్దుకున్నాడు.

రెండో రోజు భోజనాల దగ్గర ఆయనే ఉడుతను వెతుక్కుంటూ వచ్చాడు.

“నువ్వేనా అమ్మా రేఖావతివి? నీ సారాంశం మూడుసార్లు చదివాను.”

ఉడుత రాసినది ఇన్నేళ్ళలో గురువుగారైనా ఒకసారి చదివిన పాపాన పోలేదు.

“ఈ సిద్ధాంతాలూ గిద్ధాంతాలూ నీకెందుకమ్మా. ఎటువైపు, ఎంత దూరం, ఆ రెండూ చెప్పు చాలు. నీ ఉద్యోగం సంగతి నేను ఆచార్యులతో మాట్లాడతాను.”

ఆయన వెళ్ళిపోయాక ఉడుత తినడం మానేసి ఆలోచనలో పడింది. అడవి పుట్టినప్పటినుంచీ సదస్సులో చివరిదాకా కూర్చున్నవారు లేరు. పత్రం అర్థమయ్యేలా ఉండాలని కోరుకున్నవారు అసలే లేరు. అనుమానంగా ముందు వరుస వైపు చూసింది. దొరవారి కుర్చీ కింద ఖాళీ బుర్రలు నాలుగు, పొగ పెట్టడానికి ఎండుగడ్డి మోపు ఒకటి కనిపించాయి.

అదే సమయానికి ఒక ముసలి తేనెటీగ వచ్చి ఆమె ఆకు అంచు మీద వాలింది.

“అమ్మాయ్, నీ పత్రం పేరు బయట చెట్టుకు కట్టారు. చూశాను.”

“అమ్మమ్మా, నాకు తెలియక...”

“నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. మూడు రోజులు మమ్మల్ని చూస్తూ నువ్వు తిండి మానేశావు. మా నాట్యాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. కానీ మా పిల్లలింకా మైనం గదుల్లోనే ఉన్నారు. రెక్కలు రాలేదు. ఇప్పుడు మళ్ళీ లేచిపొమ్మంటే వాళ్ళను వదిలేసి పోవాలి.”

ఈగ ఇంకేమీ అడగకుండా ఎగిరిపోయింది.

పత్రం మానుకుంటే ఈ వేసవితో ఉద్యోగం సరి, తొలకరికి పిలుపు రాదు. దొంగ దిక్కు చెబుదామంటే నోరు రావడం లేదు. అది ఆమె జీవితంలో కనిపెట్టిన ఒకే ఒక్క నిజం. ఎప్పటిలాగే సమయం లేదంటే బాగుండునని మొదటిసారి కోరుకుంది.

కోరుకున్నట్టే ఆమె వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. గుడ్లగూబ ఒక కన్ను తెరిచి, “సమయాభావం వల్ల...” అని మొదలుపెట్టింది.

ఎలుగుబంటి లేచి నిలబడ్డాడు. “ఆ అమ్మాయికి ఎంత సమయం కావాలంటే అంత ఇవ్వండి. అందాకా తేనె వడ్డించరు.”

వెళ్ళబోతున్నవాళ్ళు కూడా మళ్ళీ కూర్చున్నారు.

ఉడుత వేదిక ఎక్కింది. రాసుకున్న ఆకు వైపు చూసింది. అందులో అంతా తేటతెల్లంగా ఉంది, చంటిపిల్లకు కూడా అర్థమవుతుంది. ఆ ఆకును మెల్లగా మడిచి బుగ్గలో దాచుకుంది. గురువుగారి ఇరవై నాలుగు సంచికలకూ అచ్చుతప్పులు దిద్దినది ఆమే. అక్కరకొస్తుందని ఎన్నడూ అనుకోని చదువు ఇప్పుడు గుర్తుకొచ్చింది.

“సభకు నమస్కారం. ఉదయకేంద్రానికి వామపార్శ్వ సాపేక్షంగా ప్రవర్తిల్లే ఈ దేహభాష, ద్విప్రవాహ అతిక్రమణను సూచిస్తూ, శిలాగర్భ శూన్యతలో ఆవాస భావనను పునర్నిర్మిస్తుంది.”

సభంతా తలలూపింది.

నిజానికి ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. సూర్యుడు పొడిచే చోటికి ఎడమగా, రెండు వాగులు దాటాక, బండ నెర్రెలో పట్టు ఉంది. ఆ మాటే చెప్పింది. కాకపోతే పండితులు చెప్పినట్టు చెప్పింది. అలాగే ఇంకో అరగంట చెప్పింది.

ఎలుగుబంటి నెమలిని మోచేత్తో పొడిచాడు. “ఏమంటోంది?”

“అద్భుతం,” అంది నెమలి కళ్ళు మూసుకుని.

“అద్భుతమే. కానీ ఏమంటోంది?”

“అది విడదీసి చెప్పేది కాదండీ.”

ఎలుగుబంటి లేచాడు. “అమ్మా, ఒక్క మాటలో చెప్పు. పట్టు ఏ వైపున ఉంది?”

“చాలా మంచి ప్రశ్న,” అంది ఉడుత. “అయితే ‘ఏ వైపు’ అని అడిగేముందు, ‘వైపు’ అంటే ఏమిటని మనల్ని మనం ప్రశ్నించుకోవాల్సి ఉంటుంది.”

అంతే, సభ మొత్తం లేచింది. నాది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య అంటూ కొంగ మొదలుపెట్టింది. వైపును తోకతోనే నిర్వచించాలంది కొండముచ్చు. నెమలి తన నాట్యంలో నాలుగు వైపులూ ఉన్నాయంది. ఆ హోరుకు మెలకువ వచ్చిన గుడ్లగూబ, ఇంత విశదమైన పత్రాన్ని తాను వినలేదని చెప్పి ఉత్తమ పత్రం బహుమతి ప్రకటించింది. కంటకేశ్వరంగారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. “ఇన్నాళ్ళూ నీలో పస లేదనుకున్నానమ్మా. ఇవాళ నాకే అర్థం కాలేదు,” అని అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశారు.

మిగిలిన ఏడు బుర్రలూ ఆ అభినందనల్లో అయిపోయాయి.

ఎలుగుబంటి మాత్రం పట్టు విడవలేదు. పండితులందరికీ అర్థమైంది గదా అని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాడు. కొండముచ్చు పైకి అంది. రెండు రోజులు చింతచెట్లన్నీ ఎక్కి దిగాడు. కొంగ అసలు ఎటూ పోలేదు అంది. మళ్ళీ నల్లమద్ది దగ్గరికే వెళ్ళి ఒక రోజు కూర్చున్నాడు. చివరికి కంటకేశ్వరంగారి కాళ్ళ మీద పడ్డాడు.

“పట్టు బయట ఎక్కడా లేదు దొరవారూ,” అన్నారు ఆచార్యులు ఎంతో దయగా. “అది మీ లోపలే ఉంది.”

ఎలుగుబంటి తన పొట్ట తడిమి చూసుకున్నాడు. ఏమీ లేదు. ఆ ఏడంతా చెదపురుగులతో కాలక్షేపం చేశాడు.

ఉడుతకు ఉద్యోగం వచ్చింది గానీ నిద్ర పట్టలేదు. నలభై మంది చప్పట్లు కొట్టారు, ఒక్కరికీ విషయం తెలియదు. తాను కనిపెట్టినది తనతోనే పోతుందేమోనని దిగులు పట్టుకుంది. ఒకరోజు బండ నెర్రెకు వెళ్ళి ముసలి ఈగను కలిసింది.

“అమ్మమ్మా, సదస్సు సంచిక వేస్తున్నారు. అందులో నా అసలు పత్రం వేయించుకుంటాను. దిక్కూ దూరమూ అన్నీ తేట మాటల్లో.”

ఈగ రెక్కలు జలదరించాయి. “ఎవరైనా చదివితే?”

“విద్యాపీఠంలో పాత సంచికలు ఇరవై నాలుగూ ఉన్నాయి. ఒకసారి చూసి వచ్చి చెప్పు. వద్దంటే మానేస్తాను.”

ముసలి ఈగ వెళ్ళి చూసింది. అంటుకుపోయిన ఆకుల్ని ఎవరూ విడదీయలేదు. పదకొండో సంచికలో ఒక సాలీడు మూడు తరాలుగా కాపురం ఉంటోంది. పేజీలు తిప్పే చప్పుడు ఎప్పుడైనా విన్నారా అని అడిగితే, ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంటుందని చెప్పింది.

ఈగ తిరిగొచ్చింది. “నిక్షేపంగా వేయించుకో అమ్మా. వీలైతే పటం కూడా గీయించు,” అంది.

ఇరవై ఐదో సంచిక వచ్చింది. ఉడుత పత్రం నూట పన్నెండో పేజీలో, దారి పటంతో సహా ఉంది. భోజనాలు పెట్టిన దొరవారికే చేమాకు కప్పి, దండ వేసి, మొదటి ప్రతిని అందజేశారు. ఆయన దాన్ని తల కింద పెట్టుకుని నేటికీ హాయిగా నిద్రపోతున్నాడు. అటు బండ నెర్రెలో పిల్లలకు రెక్కలొచ్చి, వాటికి పిల్లలు పుట్టి, పట్టు ఇప్పుడు ఎలుగుబంటి అంత అయింది.

నీతి: రహస్యం పదిలంగా ఉండాలంటే నోరు కట్టుకోనక్కర్లేదు, సదస్సు సంచికలో అచ్చు వేయిస్తే చాలు.