ఏడుపమ్మ గృహరుణ దండయాత్ర

అది సకలజన సొంతింటి స్వప్న సంహార ధురంధరంబును, శీతలయంత్ర ఘుర్ఘుర నాద భీకరంబును, గొలుసులతో బంధింపబడిన కలముల చేత విరాజమానంబును అగు బ్యాంకు తలుపులు తెరచుకొను శుభవేళ. సూర్యభగవానుడు ఎదుటి జిరాక్సు దుకాణపు రేకుమీద నిలిచి, నేడెవరి వంతో చూతమని లోనికి తొంగిచూచుచుండెను. అట్టి వేళ, అట్టి ద్వారమున, చంకన సంచితో, చేత ఫైలుతో, కంఠము తప్ప వేరాయుధము లేని యొక వీరనారి కుడికాలు మోపెను.

డబ్బింగు స్టూడియోలో ఆమెను అందరును ఏడుపమ్మ అందురు. పరభాషా సీరియళ్లు మన భాషలోనికి దిగుమతి యగునపుడు, తెరపై ఏ కోడలు కుమిలినను, ఏ అత్త గుండె బాదుకొనినను, ఏ పసికందు గుక్క పట్టినను, ఆ గొంతు ఈమెదే. నవ్వుటకు ఎవరైనను దొరకుదురు. అత్తకొక తీరున, కోడలికొక తీరున ముక్కు చీదగల వారు అరుదు. సీరియళ్లలో చావులు జోరందుకొనిన నెల ఏడుపమ్మ ఇంట పండుగ, అందరును క్షేమముగా నుండిన నెల చారునీళ్లు.

సాధన లేనిదే ఏ విద్యయు నిలువదు గదా! ఆమె ఇంట కూర్చుండి సాధన చేయగా, ఇరుగుపొరుగులు గోడలకు చెవులానించి, ఆమె భర్త పెళ్లాన్ని చావబాదుచున్నాడని ఏకగ్రీవముగా తీర్మానించిరి. ఆ భర్తయో, వంటయు ఉతుకుడును తానే నిర్వహించుచు, కుక్కరు కూతకే ఉలికిపడు సాధుపుంగవుడు. మొన్ననే మేడమీద నుండు ఇంటి ఓనరమ్మ దిగివచ్చి గుమ్మమున నిలిచి తీర్పు వినిపించెను.

"అమ్మాయ్, నువ్వెంత దాచినా ఆ ఏడుపు చెప్తూనే ఉంది. నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ జాలి జాలే, ఇల్లు ఇల్లే. నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి."

"పిన్నిగారూ, ఆ ఏడుపు నా ఉద్యోగమండీ!"

"అవునమ్మా, మొగుణ్ణి వెనకేసుకురావడం కూడా ఉద్యోగమే."

వీధి చివర ఒక చిన్న ఇల్లు అమ్మకమునకు ఉండెను. మందపాటి గోడలు, కిటికీ లేని సామాన్ల గది. అందులో ఏడ్చిన ఏడుపు అందులోనే అణగిపోవును. ఆ గదిని చూచిన నాటినుండి ఏడుపమ్మకు కంటిమీద కునుకు లేదు. అమ్మువాడు మాత్రము ఆ ఉదయమే, "సాయంత్రంలోగా బ్యాంకు అర్జీ తీసుకున్నట్టు ముద్ర చూపించండి, మీ కోసం ఆగుతాను. లేకపోతే రేపొచ్చే పార్టీకి ఇచ్చేస్తా" అని తెగేసి చెప్పెను. ఈ దండయాత్రకు కారణమిది.

అద్దాల గది యను దుర్గమున ఆసీనుడైయున్న లోను సారు ఫైలు విప్పి, కనుబొమలను ధనుస్సులుగా వంచి, ప్రథమ శరమును సంధించెను.

"శవవాహనం మీ పేరు మీదే ఉందా మేడమ్?"

ఏడుపమ్మ మెడ చాచి అర్జీలోనికి తొంగిచూచెను. జరిగినదేమన, అర్జీ నింపిన పతిదేవునకు వృత్తి యనుచోట "ఏడుపు" అని వ్రాయుటకు చేయి రాలేదు. మర్యాదగా నుండునని "శోకసేవలు" అని ముత్యాలకోవ వంటి దస్తూరితో వ్రాసెను. లోను సారు ఆ మర్యాదను శ్రద్ధగా చదివి, ఆమెను అంత్యక్రియల వ్యాపారులలో చేర్చి, బండి సంగతి అడిగెను.

"బండి లేదండీ."

"మరి శవాల్ని దేంట్లో తీసుకెళ్తారు?"

"నేను తీసుకెళ్లనండీ. వాళ్ల కోసం ఏడుస్తాను. టీవీలో."

లోను సారు కుర్చీని వెనుకకు వాల్చి, కళ్లజోడును కిరీటము వలె నెత్తికెక్కించి, మేఘగంభీర స్వరమున ఉపన్యసించెను.

"చూడండి మేడమ్! ఈ బల్ల ముందు ఇల్లు కొనలేక ఏడ్చినవాళ్లని చూశాను. కొని ఏడ్చినవాళ్లని చూశాను. వాయిదా కట్టలేక ఏడ్చినవాళ్లని రోజూ చూస్తున్నాను. వాళ్లలో ఒక్కళ్లు కూడా దాన్ని ఆదాయం అనలేదు! మీకు జీతం చీటీ లేదు, కొట్టు లేదు, ఆఖరికి శవవాహనం కూడా లేదు. రేపు సీరియల్లో అందరూ సుఖంగా ఉంటే మా వాయిదా గతేంటి?"

"సీరియల్లో అందరూ సుఖంగా ఉండటమా? మీ ఇంట్లో టీవీ లేదా సార్?"

ఆ దెబ్బకు సారు ఒరిగెనే గాని కూలలేదు. కంప్యూటరును డాలువలె ఆమెవైపు తిప్పెను. "నేను నమ్మితే సరిపోదు, ఇది నమ్మాలి. ఈ వృత్తుల లిస్టులో లేనివాళ్ల అర్జీ ఇది తీసుకోదు. ఇందులో ఏడ్చేవాళ్లు లేరు. గాయకులున్నారు, వాయిద్యాలవాళ్లున్నారు. పోనీ, మీరు పాడతారా?"

బడి ప్రార్థనలో సైతము "నువ్వు పెదాలు కదుపు చాలు" అనిపించుకొనిన కంఠమది. అబద్ధమాడుదునా, ఆ గదిని వదులుకొందునా యని ఏడుపమ్మ ఊగిసలాడుచుండగా, చిన్ననాడు తల్లి రోజుకొకసారి తిట్టిన తిట్టు దివ్యాస్త్రమై స్ఫురించెను: ఏం రాగాలు తీస్తున్నావే!

"పాడనండీ. రాగాలు తీస్తాను."

"ఏదీ, తీయండి చూద్దాం."

తీసెను. మొదట వెక్కిళ్ల కాల్బలము కదలెను; వెనువెంట మూలుగుల గజబలము నడచెను; ఆపై అత్తాకోడళ్ల ఉమ్మడి ఆక్రోశము అద్దాల గోడలను దాటి హాలునంతటిని ముట్టడించెను. నోట్లు లెక్కించుచున్న కౌంటరాయన లెక్క తప్పెను. వాచ్‌మన్ కర్రతో సహా పరుగెత్తుకొని వచ్చెను.

"ఏంటి సార్, ఆడమనిషిని పట్టుకుని ఏడిపిస్తారా?"

"నేనేం అన్లేదయ్యా! ఆవిడ ఉద్యోగమది!"

"ఆఁ, ఉద్యోగం!" అని వరుసలోని యొక ముసలమ్మ మెటికలు విరిచెను. "ఈయన మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో పెళ్లాన్ని ఎన్ని బాధలు పెడుతున్నాడో!"

ఆ క్షణమున లోను సారునకు, తానెన్నడును చూడని ఆమె భర్తమీద అపారమైన సానుభూతి కలిగియుండవలెను. "ఆపండి తల్లీ! గాయని. గాయనే! కంప్యూటర్లో కొట్టేశాను!"

ఏడుపమ్మ కుళాయి కట్టినట్లు ఏడుపు కట్టి, కొంగు సర్దుకొని, మామూలు గొంతుతో, "ముద్ర కూడా వేయండి సార్" అనెను.

సాయంత్రమునకు ముందే అమ్మువాడు ఆ ముద్రను చూచి సరేననెను. ఇంట భర్త చేతనున్న గరిటెను మరచి ఎదురు వచ్చెను.

"లోను ఇచ్చారా?"

"లేదు. ఇస్తారో లేదో పైవాళ్లు చెప్తారట. కానీ ఆ ఇల్లు ఆగిందండీ" అనుచుండగనే ఆమె భోరుమనెను; నిజము కన్నీరు జలజలా రాలెను. దానికి రాగము లేదు, పారితోషికమును లేదు.

పైనుండి ఓనరమ్మ నేలను తన్నెను. "ఏమయ్యా! ఇవాళ కూడానా?"

ఇట్లు ఆ రోదనరణరంగధీర, ఋణము చిక్కకయే, గృహము దక్కకయే, శవవాహన యజమానురాలను అపవాదమును సమూలముగా పెకలించి, అగ్గిపెట్టెడు మేర నీలిసిరా ముద్రను జయించి, సామాన్ల గది దిక్కుగా ఒక బల్ల దూరము ముందునకు సాగెను.