వదినను అలసగొట్టే ఉపాయం

బాజిల్ పోస్ట్‌మ్యాన్‌గా ముప్ఫై మూడేళ్ళు పసుపుపచ్చ వ్యానులో ఫ్రాన్సులోని దోర్దోన్ నది రెండు గట్ల మీదా తిరిగాడు. ఆ చుట్టుపక్కల ఏ కోటకు ఏ దారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఒక్క కోటలోకీ అడుగు పెట్టలేదు. ఉత్తరాల పెట్టె ఎప్పుడూ గేటు దగ్గరే ఉండేది మరి.

రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఒకే వ్యసనం పెతాంక్. ఊరి నడిబొడ్డున ప్లేన్ అనే నీడచెట్ల కింద ఇనుపగుండ్లు విసిరే ఆ ఆటలో తొమ్మిదేళ్ళ తర్వాత ఊరి జట్టు ఫైనల్‌కు చేరింది. ఫైనల్ శనివారం. సరిగ్గా ఆ వారమే, సోమవారం నాడు, భార్య అక్క యుగెత్ ఉత్తరాన ఉన్న లీల్ నగరం నుంచి దిగింది.

మంగళవారం పొద్దున కాఫీ దగ్గర భార్య సొలాంజ్ మాట కదిపింది.

"శనివారం అక్కకి సముద్రం చూపించాలి. ఆరింటికల్లా బయలుదేరాలి."

బాజిల్ చేతిలోని రొట్టె కాఫీలో పడి మునిగిపోయింది. "శనివారం ఫైనల్ కదే!"

"గుండు విసరడానికి ఊళ్ళో ఎవడైనా దొరుకుతాడు. కారు నడపడానికి నువ్వొక్కడివే."

"నువ్వు నడపొచ్చుగా?"

"పోయినసారి నేను నడిపితే పక్క సీట్లో కూర్చుని దారంతా బ్రేకు తొక్కావు. అక్కడ బ్రేకు లేదు కాబట్టి బతికాం."

బాజిల్ పెరట్లోకి పోయి ఆలోచించాడు. యుగెత్‌కు డెబ్భై నాలుగేళ్ళు. చేతికర్ర లేనిదే అడుగు వెయ్యదు. గురువారం ఒక్క రోజు ఎండలో ఎక్కించి దింపితే చాలు, శనివారానికి మంచం దిగదు. అంత గొప్ప ఉపాయం తనకు తట్టినందుకు తనే కాస్త ఆశ్చర్యపోయాడు.

"వదినకి మన ప్రాంతం చూపించొద్దూ? ఎల్లుండి మోంతెగ్రిల్ కోటకి పోదాం," అన్నాడు లోపలికొచ్చి.

సొలాంజ్ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరమేం లేదే. సరే, నేనూ వస్తా."

గురువారం కారును కొండ మీది దాకా తీసుకుపోకుండా కింద నది ఒడ్డునే ఆపాడు.

"పైన జాగా లేదు వదినా."

"ఇంకా పైకి వెళ్ళనేలేదుగా, ఎలా తెలుసు?"

"పోస్ట్‌మ్యాన్‌ని. తెలుస్తాయి."

మూడొందల పన్నెండు మెట్లు. యాభయ్యో మెట్టు దగ్గర బాజిల్ కోటు విప్పాడు. నూట ఇరవయ్యో మెట్టు దగ్గర గోడను పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏం చూస్తున్నావు మరిదీ?"

"గోడ... చాలా పాతది."

"కిందదీ పాతదేగా. రా, రా."

రెండు వందల మెట్ల దగ్గర ఒక డచ్చి కుటుంబం జాలిపడి మంచినీళ్ళిచ్చింది. బాజిల్ చివరి మెట్టు ఎక్కేసరికి యుగెత్ కోట వాకిట ఉన్న పాత ఫిరంగి మీద కూర్చుని రేగు పళ్ళంత పసుపు ప్లమ్ పళ్ళు తింటోంది.

"మీకు ఆయాసం రాలేదా?"

"నేనుండేది ఆరో అంతస్తు. లిఫ్టు చెడిపోయి పదకొండేళ్ళు."

"మరి ఆ చేతికర్ర?"

"బస్సులో సీటు ఇస్తారని."

బుద్ధిమంతుడైతే అక్కడితో ఆపేవాడు. బాజిల్ ఆటగాడు, పంతం వదల్లేదు. మధ్యాహ్నం బాతు వేపుడు తిన్నాక, మెట్లు కాళ్ళకే పని చెప్పాయి, ఇక చేతులు మిగిలాయనుకుని, ఇద్దరు మనుషులు పట్టే పడవ అద్దెకు తీసుకున్నాడు. తెడ్డు వేస్తూ ఎనిమిది కిలోమీటర్లు.

"మీరిద్దరూ వెళ్ళండి. నేను ఐస్‌క్రీమ్ తిని, కారు తీసుకుని దిగే చోటికొస్తా," అంది సొలాంజ్. పక్క సీటు ఖాళీగా ఉంటే ఆమె చక్కగా నడుపుతుంది.

యుగెత్ వెనక కూర్చుని ఆజ్ఞలిచ్చింది. "ఎడమకి! ఎడమకి మరిదీ!" ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు కనుక ఇద్దరి ఎడమా ఒకటే. అయినా పడవ గుండ్రంగా తిరిగింది. బాతులు దాటిపోయాయి.

దిగే చోట వదినకు చెయ్యి అందిద్దామని బాజిల్ ఒక కాలు గులకరాళ్ళ మీద, ఒక కాలు పడవలో పెట్టి నిలబడ్డాడు. పడవ దాని దారిన అది పోయింది. సాయంత్రానికి చీలమండ ఖర్బూజా పండంత అయింది.

శుక్రవారం జట్టు కెప్టెన్, కసాయి గాస్పార్, వచ్చి ఆ కాలును చూసి నెత్తి పట్టుకున్నాడు. "కొంప ముంచావు గదరా! నీ బదులు ఎవణ్ణి దింపను?"

పెరట్లో ఉన్న యుగెత్ ఒక గుండు తీసి, "ఆ నీళ్ళ డబ్బాని కొట్టేదా?" అని అడిగి, జవాబు రాకముందే కొట్టింది. తొమ్మిది మీటర్ల దూరం. డబ్బా సొట్టపోయింది.

గాస్పార్ టోపీ తీశాడు. "అమ్మా, రేపు మీకేమైనా పనుందా?"

"ఏ పనీ లేదే."

"సముద్రం?" అన్నాడు బాజిల్.

"ఏ సముద్రం? నాకు ఇసుకంటేనే పడదు. నీ ఆట చూద్దామనేగా సరిగ్గా ఈ వారం వచ్చాను!"

బాజిల్ మెల్లగా భార్య వైపు తిరిగాడు. సొలాంజ్ తలెత్తకుండా చిక్కుళ్ళు తుంచుతోంది.

"ఇరవై ఏడేళ్ళుగా కోట చూద్దామంటున్నాను. ఒకసారి నడుం నొప్పంటావు, ఒకసారి వానంటావు. తిన్నగా అడిగితే కదిలే మనిషివా? ఫైనల్‌కి అడ్డం పెడితే అక్కను అలసగొట్టడానికి ఏదో ఒక కోట ఎక్కించే తెలివి ఉపయోగిస్తావని తెలుసు. ఏ కోట అన్నది నీకే వదిలేశాను."

"మరి నా కాలు?"

"అది నీ సొంత తెలివి."

శనివారం ఆయన్ని కుర్చీతో సహా మోసుకెళ్ళి ప్లేన్ చెట్టు నీడలో పెట్టారు. స్కోరు పదకొండు పదకొండు దగ్గర యుగెత్ చేతికర్ర గాస్పార్‌కిచ్చి, ఎదుటి జట్టు గుండును ఒక్క దెబ్బతో ఎగరగొట్టింది. దాంతో రెండు పాయింట్లు వచ్చి, పదమూడు పదకొండుతో ఊరు గెలిచింది. అందరూ ఆవిడ బుగ్గలు ముద్దాడే తొందరలో ఉండటంతో, బహుమతిగా వచ్చిన పంది తొడను ఖాళీగా కూర్చున్న బాజిల్ ఒళ్ళో పెట్టారు. అది పెద్ద బరువే. అయినా ఆయన లోలోపల సంతోషించాడు, కొంచెం ఏడ్చుకున్నాడు కూడా.

సొలాంజ్ పక్కన కూర్చుంది. "రేపు నదిలో పాతకాలపు సరుకు పడవ మీద షికారు. మెట్లుండవు. కూర్చోవడమే పని."

"ఆదివారం కదా, టిక్కెట్లు దొరకవేమో," అన్నాడు బాజిల్ ఆశగా.

"అక్క దిగిన సోమవారమే కొన్నాను."

బాజిల్ పంది తొడను ఒళ్ళో సర్దుకుని, ఎన్నింటికి బయలుదేరాలో అడిగాడు.