బ్యాచ్ రన్ అయితలేదు

"శేఖర్! నా పేరులోనే అంతు ఉన్నది. అందుకే ఏ కేసైనా అంతు చూడంది ఒదల. అపరాధ ప్రపంచం నా పేరు ఇంటే చాలు, గజగజ ఒణుకుతది!"

మన్సూరాబాద్‌లో తన ఇంటి వరండాలో నిలబడి అంతయ్య ఇలా ప్రకటించే వేళకు అపరాధ ప్రపంచం సంగతేమోగానీ, పక్కింటి శేఖర్ మాత్రం ఆవలిస్తున్నాడు. బస్ డిపోలో రిటైరయ్యాక డిటెక్టివ్ అవతారమెత్తిన అంతయ్య ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే. మాయమైన తన కళ్లజోడును తన నెత్తి మీదే పట్టుకున్నాడు. అదీ భార్య అండాలమ్మ చెబితే.

అంతలో శేఖర్ ఫోన్ మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు నడిపే అక్క యాదలక్ష్మి. స్పీకర్ పెట్టడమే శేఖర్ చేసిన తప్పు.

"తమ్ముడూ, మస్తు పరేషాన్ అయితుందిరా! పొద్దుగాల్నుంచి పాత బ్యాచ్ రన్ అయితలేదు. ముట్టుకుంటే ఎర్రర్ కొడుతున్నది. కోచింగ్ సెంటరోళ్ల హాల్ టికెట్లు సాయంత్రంలోపు ఇయ్యాలె. లేకుంటే పని ఇంకో షాపుకు ఇస్తరట. వాళ్ల పని పోతే నేను షట్టర్ దించుకునుడే!"

బ్యాచ్ అంటే బ్యాచ్ ఫైల్ అని శేఖర్‌కు తెలుసు. షాపులో ఒకప్పుడు పనిచేసిన కృష్ణకుమారి రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాము అది. ఒక్క క్లిక్కు కొడితే పిల్లల పేర్లన్నీ హాల్ టికెట్లుగా పేర్చి ప్రింటర్‌కు పంపేది. పాత కంప్యూటర్ పాడైపోతే నిన్ననే కొత్తది కొని, ఆ ప్రోగ్రామును కూడా అందులోకి తెచ్చుకున్నారు. కొత్త విండోస్‌తో దానికి పొసగలేదేమో అనుకున్నాడు.

అంతయ్య కళ్లు మాత్రం మెరిశాయి. "ఇన్నవా? బ్యాచ్ రన్ అయితలేదట!"

"అన్నా, అది కంప్యూటర్ల..."

"ఉరుకుతలేరంటే ఆ దొంగల బ్యాచ్ షాపు పక్కపొంటనే నక్కి ఉన్నరు. పైంగ ఎర్రన్నను కొడుతున్నరు!"

"ఎర్రన్న కాదే, ఎర్రర్..."

"భయంల మీ అక్క సరిగ పలుకలె. ఎర్రన్న ఎవలో పాపం! స్కూటర్ తియ్!"

ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ పడినా వెనక సీటు నుంచి "ఛేజ్ చెయ్! ఛేజ్ చెయ్!" అనే గోల ఆగలేదు. ముందున్నది అరటిపళ్ల ట్రాలీ ఆటో.

షాపు పక్కనే టీ కొట్టు. అక్కడ ఉద్యోగ పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకుని నలుగురు కుర్రాళ్లు చాయ్ తాగుతున్నారు. అంతయ్య వాళ్ల ముందుకు దూకాడు.

"ఏ బ్యాచ్ మీది?"

"పాత బ్యాచే అన్న. మూడేండ్ల సంది గీడనే ఉన్నం."

"దొరికిన్రు! మరి రన్ ఎందుకు అయితలేరు?"

వాళ్లలో ఒకడు చాయ్ గ్లాసు దించాడు. "నోటిఫికేషన్ ఎయ్యమను అన్న. ఎట్ల ఉరుకుతమో చూద్దువు!"

"నోటిఫికేషన్! ముఠా రహస్య సంకేతం," అని శేఖర్ చెవిలో ఊది, అంతయ్య గొంతు పెంచాడు. "ఎర్రన్నను ఏం చేసిన్రు?"

"గ్రూప్ టూ ఎర్రన్ననా? ఎప్పుడో పోయిండు గద."

"పోయిండా!" అంతయ్య ఛాతీ పట్టుకున్నాడు.

ఉద్యోగమొచ్చి ఊరికి పోయాడని ఆ కుర్రాడు చెప్పేలోపే అంతయ్య టీ కొట్టాయన మీద పడ్డాడు. కాళ్లావేళ్లా పడి అక్కడి సీసీ కెమెరా రికార్డింగును తన మెడలో వేలాడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు.

షాపులో యాదలక్ష్మి కళ్లనిండా నీళ్లు. "కృష్ణకుమారి ఫోన్ ఎత్తుతలేదురా. కోచింగ్ సార్ మళ్ల మళ్ల చేస్తున్నడు."

"భయపడకు చెల్లె. హంతకుల మొఖాలు గీ తెర మీదనే చూపెడ్త!" అంతయ్య పెన్‌డ్రైవ్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ మొదటివైపే పెట్టి గుచ్చాడు.

ఆయన్ను పట్టించుకునే ఓపిక లేక యాదలక్ష్మి బ్యాచ్ మీద ఇంకోసారి క్లిక్ కొట్టింది. తెర మీద నల్ల పెట్టె తెరుచుకుంది. తెల్ల అక్షరాలు చకచకా పరుగెత్తాయి. మూలనున్న ప్రింటర్ గుర్రుమంది.

"కాల్పులు! అందరు కింద పండుకోండ్రి!" అంతయ్య టేబుల్ కిందికి దూరాడు.

వచ్చినవి తూటాలు కావు, హాల్ టికెట్లు. యాదలక్ష్మి వాటిని చేతుల్లోకి తీసుకుని నవ్వుతూనే ఏడ్చేసింది. "నడుస్తుందిరా తమ్ముడూ! నా షాపు నడుస్తుందిరా!"

అప్పుడు ఫోన్ చేసింది కృష్ణకుమారి. సంగతంతా విని పకపకా నవ్వింది.

"అయ్యో అక్కా! ఆ బ్యాచ్ హాల్ టికెట్లను ముందు డి డ్రైవ్‌లో పెట్టుకుని, అక్కణ్నుంచి ప్రింటుకి పంపుతుందండీ. పాత కంప్యూటర్లో సి, డి రెండూ ఉండేవి. కొత్తదాంట్లో సి ఒక్కటే ఉన్నట్టుంది. పెన్‌డ్రైవ్ పెట్టేసరికి దానికి డి అని పేరొచ్చింది. తన పాత చోటే అనుకుని పని మొదలెట్టేసింది పిచ్చిది!"

అంతయ్య టేబుల్ కింద నుంచి లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఇన్నవా శేఖర్? డి! డి అంటే డిటెక్టివ్! కేసు క్లోజ్." అని పెన్‌డ్రైవ్ పీకబోయాడు.

"అన్నా!" అక్కాతమ్ముళ్లు ఒక్కసారే కేక పెట్టారు.

"గండ్ల నా సాక్ష్యాలున్నయే!"

"సాక్ష్యాలను కస్టడీల ఉంచాలె గదనే," అన్నాడు శేఖర్. ఆ మాట అంతయ్యకు భలే నచ్చింది.

సాయంత్రం కోచింగ్ సెంటర్ సార్ వచ్చి హాల్ టికెట్లు చూసుకుని, వచ్చే పరీక్షకూ మీరే చేయండమ్మా అని చెప్పి పోయాడు. యాదలక్ష్మి ఒక కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి కంప్యూటర్‌కు అతికించింది. అంతయ్య కళ్లజోడు సవరించుకుని, నలుగురికీ వినబడేలా గర్వంగా చదివాడు.

"ఇది అంతయ్యన్న పెన్‌డ్రైవ్. తీస్తే అంతే."