తల అడ్డంగా ఊపిన పిచర్

మా కాటన్‌బరోలో ఆల్జీబ్రా ఇకపై ఏ ఆటగాడి భవిష్యత్తుకూ అడ్డురాబోదని పాఠశాలల బోర్డు అధ్యక్షులు హోలిస్ టార్‌ప్లీ గారు బేస్‌బాల్ మైదానం నడుమ నిలబడి ప్రకటించారు. ఆల్జీబ్రా ఉపాధ్యాయుడి ఉద్యోగం రద్దుచేసిన సొమ్ముతోనే అక్కడ కొత్త దీపాలు వెలిశాయి గనుక, ప్రకటనకు అంతకన్న తగిన స్థలం లేదు.

కాలేజీవారు మా బడి జట్టులో బంతి విసిరే పిచర్ టైరీ గాస్కిన్ వేగం చూసి స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఆల్జీబ్రా మాత్రం ప్యాసవ్వాలన్నారు. అది తప్పితే టైరీకి మిగిలేది తల్లి పనిచేసే కోళ్ల ఫ్యాక్టరీయే. అందుచేత అతడు ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పిన నా వరండాలో కూర్చుని ఆల్జీబ్రా నేర్చుకున్నాడు. తక్కిన జట్టుకు కోచ్ డబ్ కినార్డ్ సైగలు నేర్పాడు.

పరీక్షకు పర్యవేక్షకురాలిని నేను. కిటికీ బయట కోచ్ టోపీ ముట్టుకుంటే మొదటి జవాబు, చెవి పట్టుకుంటే రెండవది, బెల్టు తడిమితే మూడవది.

"ఏమిటండీ ఇది?" అని పరీక్ష చూడవచ్చిన టార్‌ప్లీ గారిని అడిగాను.

"ఉక్కపోత మేడమ్. పాపం, గోక్కుంటున్నాడు."

"ప్రశ్నకోసారా?"

"క్రమశిక్షణ గల మనిషి కదండీ!"

ఎలాంటి బంతి వెయ్యాలో ఎదుట బంతి పట్టే క్యాచర్ చేసే సైగ నచ్చకపోతే, పిచర్ తల అడ్డంగా ఊపి ఇంకో సైగ అడగడం ఆటలో ఆచారం. టైరీ ప్రశ్న చదివి, కోచ్‌ను చూసి, అలవాటు కొద్దీ తల అడ్డంగా ఊపాడు. కోచ్ కూడా అలవాటు కొద్దీ ఇంకో సైగ చేశాడు. జట్టంతా కొట్టివేసి మళ్ళీ రాసింది. టైరీ మళ్ళీ ఊపాడు.

"బెల్టేరా, మొండి వెధవా!" అని కోచ్ అరిచాడు.

"కాదు కోచ్, చెవి," అన్నాడు టైరీ వినయంగా.

టైరీ ప్యాసయ్యాడు. కోచ్ సైగలే నమ్మిన జట్టంతా ఒకే రకం తప్పులతో ఫెయిలైంది. బోర్డు వెంటనే సమావేశమైంది.

"జట్టంతా ఒక్క మాట మీదుంటే వీడొక్కడే వేరే రాశాడు. కాపీ కొట్టకుండా ఎలా కుదిరిందండీ?" అన్నారు అధ్యక్షులు.

"ఎవరిది చూసి కొట్టాడు?" అన్నాను.

"అదే విచారణలో తేలాలి!"

"అతడివి సరైన జవాబులండీ."

"ఏది సరైనదో తేల్చడానికి మేమున్నాం మేడమ్. ఇది ప్రజాస్వామ్యం."

చేతులెత్తారు. జట్టు రాసిన జవాబులే సరైనవని తీర్మానం నెగ్గింది. ఆ సాయంత్రం మైదానంలో అభినందన సభ జరిగింది. టైరీ తప్ప జట్టంతా కాలేజీకి అర్హత సాధించిందని అధ్యక్షులు గద్గద స్వరంతో చెప్పారు. చప్పట్లు ఆగలేదు.

బంతి వేగం కొలిచే యంత్రంతో కాలేజీ నుంచి వచ్చినాయన నా పక్కన నిలబడి, "మేం తీసుకునేది ఆ గాస్కిన్ కుర్రాడొక్కణ్ణే. ఎక్కడండీ?" అని అడిగాడు.

కొత్త దీపాల వెలుగులో మైదానం మూలమూలా స్పష్టంగా కనబడుతోంది; టైరీ మాత్రం ఎక్కడా లేడు.